కునుకు తీస్తే తప్పా, డాక్టరమ్మా?

ఎండలు ముదిరితే నాకొచ్చే ఉత్తరాల్లో నిద్ర గురించినవి ఎక్కువవుతాయి. ఈసారి సగం అవే. పగలు పడుకోవచ్చా అని కొందరు, పడుకుంటే ఇంట్లో ఊరుకోవడం లేదని కొందరు, పడుకున్నా పట్టడం లేదని ఇంకొందరు. అందుకే మోకాళ్ళ నొప్పులు, థైరాయిడ్ ప్రశ్నలు పై సంచికకు దాచి, ఇప్పటికి నిద్ర సంగతే చూద్దాం. పేర్లు వద్దన్నారు కాబట్టి ఎవరివీ వేయలేదు. పొడుగ్గా ఉన్న ఉత్తరాలను కుదించాను.

ప్రశ్న: నా వయసు 34. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తాను. నీళ్ళు పట్టడం, పిల్లలకు క్యారియర్లు, మామగారికి కాఫీ, మా ఆయనకు టిఫిన్... మళ్ళీ నేను పడుకునేసరికి రాత్రి పదకొండు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక ఒకటిన్నరకు కళ్ళు కూరుకుపోతాయి. చాప పరుచుకుని అలా నడుం వాల్చానో లేదో, 'పగలు నిద్రపోతే ఇంట్లో లక్ష్మి నిలవదు, ఒళ్ళు కూడా వస్తుంది' అంటారు మా అత్తగారు. ఆదివారం మా ఆయన రెండు గంటలు పడుకుంటే మాత్రం 'పాపం, వారమంతా కష్టపడ్డాడు' అంటారు. నాది బద్ధకమేనా? పడుకుంటే నిజంగానే లావవుతానా?
ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: ముందు మీ లెక్క చూద్దామమ్మా. పదకొండు నుంచి నాలుగున్నర దాకా ఐదున్నర గంటలు. పెద్దవాళ్ళకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. రోజూ గంటన్నర తరుగు పడుతున్న మనిషికి మధ్యాహ్నం కళ్ళు మూతలు పడకపోతే అప్పుడు నేను కంగారుపడాలి. పడుతున్నాయంటే మీ ఒళ్ళు సవ్యంగా పనిచేస్తున్నట్టే.

మేలుకుని ఉన్నంతసేపూ మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది, నిద్రపోతే తగ్గుతుంది. మీరు నాలుగున్నరకే లేచారు గనుక ఒకటిన్నరకు తొమ్మిది గంటల మెలకువ అయింది. దానికి తోడు మధ్యాహ్నం ఒంటిగంట, మూడు గంటల మధ్య మనిషి చురుకు సహజంగానే కాస్త దిగుతుంది. భుక్తాయాసం అంటూ మనం నెపమంతా అన్నం మీద వేస్తాం గానీ, అన్నం తినకుండా ఉన్నవాళ్ళలోనూ ఆ వేళకు మత్తు కనిపించింది. రాగి సంగటి ఒక ముద్ద ఎక్కువ తింటే ఆ మత్తు ఇంకాస్త చిక్కనవుతుంది, అంతే.

ఇక ఒళ్ళు సంగతి. ఇరవై నిమిషాల కునుకుకు ఎవరూ లావెక్కరు. రాత్రి నిద్ర చాలనివాళ్ళకే ఆకలి పెరిగి, తీపి మీదకీ వేపుళ్ళ మీదకీ మనసు పోతుంది. ఒళ్ళు వచ్చేది ఆ దారిన. పగలు గంట దాటి పడుకునేవాళ్ళలో షుగరు ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని అధ్యయనాలు చెబుతున్న మాట నిజం. అయితే లోపల జబ్బు ముందే మొదలవడం వల్ల అంత నిద్ర వస్తూ ఉండొచ్చు కదా. ఏది ముందో ఏది వెనకో ఇంకా తేలలేదు. ఇంకోవైపు, గ్రీసు దేశంలో 23,000 మందికి పైగా మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి 2007లో ఒక అధ్యయనం వేశారు. వారంలో కనీసం మూడుసార్లు, సగటున అరగంటకు తగ్గకుండా మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 37 శాతం తక్కువగా తేలాయి. గ్రీసు లెక్కలు చెబితే మీ అత్తగారు వింటారని నేను అనుకోను లెండి.

ఆవిడకు వినిపించాల్సింది చరక సంహిత. ఎందుకంటే ఆవిడ మాటకు మూలం కూడా అక్కడ ఉంది. పగటి నిద్ర కఫాన్ని పెంచుతుందని చరకుడు రాశాడు. అది తరాలు దాటి 'ఒళ్ళొస్తుంది' దాకా వచ్చింది. కానీ అదే చోట, వేసవిలో రాత్రులు పొట్టివి కాబట్టి పగలు పడుకోవచ్చని కూడా రాశాడు. ముసలివాళ్ళు, పిల్లలు, చిక్కిపోయినవాళ్ళు, బరువులు మోసి, దారి నడిచి అలసినవాళ్ళు, రాత్రి మేలుకున్నవాళ్ళు ఏ కాలంలో పడుకున్నా పరవాలేదన్నాడు. వద్దన్నది ఎవరికంటే ఒళ్ళున్నవాళ్ళకు, రోజూ నెయ్యి, నూనె దండిగా తినేవాళ్ళకు. ఆ జాబితా మీరూ మీ ఆయనా కలిసి చదువుకోండి.

ఎలా పడుకోవాలంటారా? అన్నం తిన్న వెంటనే వద్దు, పావుగంట ఆగండి. పుల్లటి తేన్పులు వచ్చేవాళ్ళయితే ఎడమవైపు తిరిగి, తల కాస్త ఎత్తు పెట్టుకోవాలి. నేల కడప బండలదైతే తడిగుడ్డతో ఒకసారి తుడిచి, దాని మీదే పల్చటి దుప్పటి వేసుకోండి, ఈ ఎండల్లో అంతకన్నా చల్లటి పరుపు దొరకదు. అలారం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు పెట్టండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారతారు. అక్కడినుంచి లేపితే తల దిమ్ముగా, నోరు చేదుగా, ఎవరి మీదైనా కసురుకోవాలనిపించేలా ఉంటుంది. 'పగలు పడుకుంటే నాకు పడదు' అనేవాళ్ళలో చాలామందికి పడనిది ఆ రెండో అరగంటే. మూడు దాటాక పడుకుంటే మాత్రం రాత్రి నిద్రకు గండి.

నేనూ పడుకుంటాను. పొద్దుటి ఓపీ అయి, రెండు మెతుకులు తిన్నాక, రోగుల్ని పడుకోబెట్టి చూసే రెక్సిన్ బల్ల మీదే. కళ్ళ మీద పైటకొంగు, పక్కనే బీపీ మిషను, చెవి దగ్గర అలారం పెట్టిన ఫోను. ఆ వేళకు ఎవరైనా వస్తే మా నర్సు 'మేడమ్ భోంచేస్తున్నారు' అంటుంది. పడుకున్నారని చెప్పమ్మా అంటే ఆ అమ్మాయి నోటికి రాదు. డాక్టరు అన్నం తింటే సరే, నిద్రపోతే పరువు తక్కువని తన భయం.

ఒక మాట మాత్రం మీ ఆయనకు చూపించండి. ఈ కునుకు మీకు ఊరట మాత్రమే, మందు కాదు. మందు రాత్రి పదికి పడుకోవడం. పొద్దున నీళ్ళు పట్టే పని ఆయన చేస్తే మీకు ఇంకో అరగంట కలిసొస్తుంది. బిందె ఎత్తడానికి ప్రత్యేకంగా చదువేమీ అక్కర్లేదు.

ప్రశ్న: తిరుపతిలో ట్యాక్సీ నడుపుతాను మేడమ్. చెన్నై ఎయిర్‌పోర్టు ట్రిప్పులు ఎక్కువ. రాత్రి పదకొండుకు బయల్దేరి, రెండున్నరకు దించి, వెంటనే వెనక్కి వస్తాను. నగరి, పుత్తూరు మధ్యకు వచ్చేసరికి రెప్పలు వాలిపోతాయి. అద్దం దించుతాను, పాటలు గట్టిగా పెడతాను, టీ మీద టీ తాగుతాను. ఇంకేం చేయాలి?
ఒక డ్రైవర్, తిరుపతి

జవాబు: బండి ఆపాలి తమ్ముడూ. మొహానికి తగిలే గాలీ, పాటలూ కాసేపు భ్రమ పుట్టిస్తాయి, నిద్రను ఆపలేవు. మనకు తెలియకుండానే మూడు, నాలుగు సెకన్లు మెదడు నిద్రలోకి వెళ్ళి వస్తుంది. కళ్ళు తెరుచుకునే ఉండొచ్చు కూడా. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే దాదాపు 90 మీటర్లు. అంత దూరం బండిని ఎవరూ నడపడం లేదన్నమాట. రాత్రి రెండు నుంచి ఐదు దాకా ఒంటికి నిద్ర బాగా బిగిసే వేళ. మీరు నగరి దాటేది సరిగ్గా అప్పుడే.

విమానాలు నడిపేవాళ్ళ మీద నాసా 1994లో ఒక పరిశోధన ప్రచురించింది. దూర ప్రయాణాల్లో, పక్కన ఇంకో పైలట్ చూసుకుంటుండగా, ఒకరికి 40 నిమిషాలు విరామం ఇచ్చారు. వాళ్ళు అందులో సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. పడుకోనివాళ్ళతో పోలిస్తే పనితీరు 34 శాతం, చురుకు 54 శాతం మెరుగైనట్టు లెక్క తేల్చారు. మీ పక్క సీట్లో ఇంకో డ్రైవరు ఉండడు కాబట్టి, మీ కునుకు బండి ఆపాకే.

టీ తాగడం మంచిదే గానీ వరస మార్చండి. మొదట టీ తాగి, వెంటనే పడుకోండి. టీలోని కెఫీన్ పని మొదలుపెట్టడానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. అడినోసిన్ మెదడును తాకకుండా అడ్డుపడటం దాని పని. ఈలోపు మీ కునుకు అవుతుంది, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. రోడ్డు పక్కన చీకట్లో వద్దు. పెట్రోల్ బంకు ఆవరణలోనో, లైట్లున్న హోటల్ ముందో ఆపి, తలుపులకు లాక్ వేసి, అద్దాలు రెండు వేళ్ళ సందు ఉంచండి. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి అద్దాలు బిగించుకుని పడుకోవద్దు, పొగలోని విషవాయువు లోపలికి చేరితే నిద్రలోనే ప్రాణం పోతుంది. లేచాక మొహం కడుక్కుని, పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి, అప్పుడు స్టీరింగ్ పట్టుకోండి.

ఇంటికి వచ్చాక ఏం చేయాలో వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలో చక్కటి లెక్క ఉంది. అలవాటు లేని జాగరణ చేస్తే, మేలుకున్న కాలంలో సగం, మర్నాడు పొద్దున ఏమీ తినకముందే నిద్రపోవాలంటాడు. మీరైతే ఆరింటికి రాగానే దోసెలు లాగించి, తొమ్మిదికి ఇంకో ట్రిప్పు ఎక్కుతున్నారని మీ ఉత్తరం చివర్లో రాశారు. అది కుదరదు. ఓనరు ఒప్పుకోడంటారా? బండి పల్టీ కొడితే ఆయనకు ఇన్సూరెన్స్ ఉంటుంది. మీ ఇంట్లోవాళ్ళకు మీరే కదా ఉన్నది.

ప్రశ్న: మామిడి సీజన్‌లో పల్ప్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ చేస్తాను. పొద్దున ఆరున్నరకు ఇంటికొచ్చి, స్నానం, టిఫిన్ అయ్యి, పిల్లల్ని బడికి పంపి తొమ్మిదిన్నరకు పడుకుంటే ఒంటిగంటకే మెలకువ వస్తుంది. మళ్ళీ పట్టదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంటుంది. ఇల్లు రేకులది. తోటివాళ్ళు క్వార్టర్ వేసుకుంటే నిద్ర పడుతుందంటున్నారు.
ఒక కార్మికుడు, చిత్తూరు దగ్గర

జవాబు: రాత్రి మేలుకున్నారు, అలసిపోయారు, అయినా పగలు మూడున్నర గంటలకు మించి నిద్ర నిలవడం లేదు. దీని వెనక చాలా పెద్ద కథ ఉంది. కొంచెం ఓపిగ్గా వినండి.

చేల గట్ల మీద అత్తిపత్తి చూసే ఉంటారు, ముట్టుకుంటే ముడుచుకుంటుంది. రాత్రి అయినా ముడుచుకుంటుంది. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అలాంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుతురే లేకపోయినా పగటివేళకు ఆకులు విప్పి, రాత్రివేళకు ముడిచింది. అంటే పొద్దు సంగతి దానికి లోపలే తెలుస్తోంది. మనకూ అంతే. కంటి నరాలు రెండూ ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, మెదడులో సుమారు 20,000 కణాల చిన్న ముద్ద ఉంది. ఒంటి వేడి ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు తగ్గాలి, రాత్రయిందని ఒంటికి తెలిపే మెలటోనిన్ అనే హార్మోను ఎప్పుడు ఊరాలి అన్నది అక్కడ తేలుతుంది. ఆ గడియారం లోపలి జన్యువులు ఎలా పనిచేస్తాయో కనిపెట్టినందుకు 2017లో జెఫ్రీ హాల్, మైఖేల్ రాస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. వాళ్ళు దేని మీద పరిశోధన చేశారో తెలుసా? మీ ఫ్యాక్టరీలో తొక్కలూ టెంకలూ కుప్ప పోసిన చోట ముసురుకునే ఆ చిన్న ఈగల జాతి మీదే.

ఆ గడియారం రోజూ పొద్దుటి వెలుతురు చూసి సరిచేసుకుంటుంది. మీరు షిఫ్ట్ దిగి ఎండలో ఇంటికి నడిచేసరికి 'తెల్లారింది, లే' అని దానికి కబురు అందిపోతుంది. పదకొండు దాటాక ఒంటి వేడి పెరుగుతుంది, పైన రేకులు కూడా కాలతాయి. నిద్ర పట్టాలంటే ఒళ్ళు కాస్త చల్లబడాలి. ఇక ఒంటిగంటకు మెలకువ రాక ఏమవుతుంది?

కాబట్టి తొమ్మిదిన్నర దాకా ఆగవద్దు. గేటు దాటగానే టోపీ, నల్లద్దాలు పెట్టుకోండి. బండి మీద మాత్రం వద్దు, బస్సులోనో ఆటోలోనో అయితేనే. పిల్లల్ని బడికి పంపే పని సీజన్ వరకు ఇంకొకరికి అప్పగించండి. తేలిగ్గా ఏదైనా తిని ఏడింటికల్లా పడుకోండి. అప్పటికి రేకులు ఇంకా వేడెక్కవు. కిటికీకి ముదురురంగు దుప్పటి కట్టండి. ఫ్యాను చప్పుడు మంచిదే, వీధి గోలను మింగేస్తుంది. పన్నెండుకు మెలకువ వస్తే మంచం మీద దొర్లకుండా లేచిపొండి. సాయంత్రం షిఫ్ట్‌కు ముందు గంటో గంటన్నరో రెండో విడత వేయండి. అందరికీ మూడు దాటాక పడుకోవద్దంటాను, మీకు ఆ నియమం లేదు.

క్వార్టర్ సంగతి. మందు నిద్రలోకి తొందరగా తోస్తుంది, రెండు, మూడు గంటలకే ముక్కలు చేసి లేపేస్తుంది. మీకు ఇప్పటికే ఉన్న జబ్బు అదే.

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండో సంవత్సరం, తిరుపతిలో హాస్టల్లో ఉంటాడు. అక్కడ రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, పొద్దున ఐదుకు బెల్లు. పండక్కి ఇంటికొస్తే పది దాకా లేవడు, మధ్యాహ్నం మళ్ళీ పడుకుంటాడు. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బుర్రకెక్కుతుందని మా నాన్న మమ్మల్ని నాలుగుకే లేపేవాడు. వీణ్ణి ఎట్లా దారిలో పెట్టాలి?
ఒక తండ్రి, పలమనేరు

జవాబు: పండక్కి వచ్చిన పిల్లవాణ్ణి పడుకోనివ్వండి. ఆ వయసులో రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, హాస్టల్లో వాడికి దొరికేది ఆరు. అదీకాక, పదమూడు, పద్నాలుగేళ్ళు దాటాక ఒంట్లోని గడియారం గంటా రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. రాత్రి పదకొండైనా నిద్ర రాదు, పొద్దున లేపితే లేవలేరు. వాడి మొండితనమేమీ లేదు అందులో. ఇరవై దాటాక మెల్లగా సర్దుకుంటుంది.

మీ నాన్నగారు నాలుగుకు లేపారు, సరే. మిమ్మల్ని ఎన్నింటికి పడుకోబెట్టేవారు? ఎనిమిదో, ఎనిమిదిన్నరో అయ్యుంటుంది. తిరుమలలో తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో సుప్రభాతం పాడతారని నాకు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అంతకుముందు ఏకాంత సేవలో లాలి పాడి పవళింపజేస్తారన్నది ఎవరూ రాయరు. దేవుణ్ణయినా పడుకోబెట్టాకే కదా లేపేది.

చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. అందుకని సెలవుల్లో మధ్యాహ్నం అరగంట పడుకుంటే మందలించకండి. పది దాకా పడుకునే అలవాటు మాత్రం ఎనిమిదిన్నరకు తెండి, లేకపోతే హాస్టల్‌కి వెళ్ళిన మొదటి వారం నరకం చూస్తాడు. ఫోను రాత్రి మీ గదిలో ఉండాలి. దాని మీద మీ ఇద్దరికీ గొడవ అవుతుంది. అవనివ్వండి.

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను, 68 ఏళ్ళు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా పడుకుంటాను. రాత్రి టీవీ ముందు ఓ అరగంట కునుకుపాట్లు. పదికి మంచమెక్కితే రెండున్నరకల్లా మెలకువ. పూర్వం మనుషులు రాత్రి రెండు విడతలుగా నిద్రపోయేవారనీ, అదే ప్రకృతి సహజమనీ వాట్సాప్‌లో చదివాను. నిజమా? నిద్రమాత్ర ఏదైనా రాయగలరా?
ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మాత్ర రాయను సార్. కిరాణా కొట్టు పద్దులా కూడి చూడండి, మధ్యాహ్నం రెండున్నర, టీవీ ముందు అర, రాత్రి నాలుగున్నర. మొత్తం ఏడున్నర. మీ వయసుకు ఏడెనిమిది గంటలు చాలు, మీ ఖాతాలో బాకీ ఏమీ లేదు.

వాట్సాప్ మాట పూర్తిగా కట్టుకథ కాదు. పాత యూరప్ కాగితాల్లో మొదటి నిద్ర, రెండో నిద్ర అన్న ప్రస్తావనలు ఉన్నాయని రోజర్ ఎకర్చ్ అనే అమెరికా చరిత్రకారుడు చూపించాడు. కానీ కరెంటు లేకుండా బతికే మూడు జాతుల మీద, టాంజానియాలో హద్జా, నమీబియాలో సాన్, బొలీవియాలో చిమానే, 2015లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ళు రాత్రి ఒకే విడతగా పడుకుంటున్నారు. పొద్దు గుంకగానే పడుకోవడం లేదు, మూడు గంటలు దాటాకే పడుకుంటున్నారు. నిద్ర కూడా 5.7 నుంచి 7.1 గంటలే. పగటి కునుకు చలికాలం నూటికి 7 రోజులు కూడా లేదు. ఎండాకాలం మాత్రం నూటికి 22 రోజుల దగ్గరదాకా వెళ్ళింది. చరకుడు వేసవికి ఇచ్చిన మినహాయింపు గుర్తుకొచ్చి నాకు నవ్వొచ్చింది.

మీరు చేయాల్సింది రెండే. మధ్యాహ్నం నిద్రను రోజుకు కాస్త తగ్గిస్తూ అరగంటకు తెండి. సాయంత్రం ఐదుకు బయట వెలుతురులో నడవండి, వయసుతో ముందుకు జరిగిన ఒంటి గడియారం కాస్త వెనక్కి వస్తుంది. టీవీ ముందు రెప్ప వాలితే లేచి నిలబడండి. మీ శ్రీమతిగారికి చెబితే ఆవిడే లేపుతారు. రెండున్నరకు లేచేది మూత్రానికా, ఊరికేనా అన్నది రాయలేదు. మూత్రానికైతే ప్రోస్టేటు, షుగరు చూపించుకోవాలి. బీపీకి నీటిమాత్ర రాత్రిపూట వేసుకుంటున్నారేమో మీ డాక్టరును అడగండి, పొద్దుటికి మారిస్తే సరిపోవచ్చు.

ప్రశ్న: మా ఆయనకు 46. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర. మధ్యాహ్నం గంట పడుకున్నా లేచాక మళ్ళీ ఆవలింతలే. మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర స్కూటర్ ఆపి, సిగ్నల్ పడేలోపు తూగాడు, వెనక కూర్చున్న నేను వీపు మీద కొట్టి లేపాను. రాత్రి గురక వీధి చివరికి వినిపిస్తుంది. మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోతుంది, తర్వాత ఉలిక్కిపడి ఊపిరి లాగి మళ్ళీ మొదలుపెడతాడు. 'అదృష్టవంతుడు, పడుకోగానే నిద్రపడుతుంది' అంటారు అందరూ. నాకేమో టెన్షన్.
ఒక గృహిణి, తిరుపతి

జవాబు: ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో నేను మొదట పక్కన తీసిపెట్టింది మీదేనమ్మా. మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. పైన చెప్పిన కునుకు సలహాలేవీ ఆయనకు వర్తించవు.

గురక మధ్యలో ఆగినప్పుడు ఆగేది ఊపిరి. గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు బెదిరి ఆయన్ని లేపుతుంది. అదే మీరు చూసే ఉలికిపాటు. ఆయనకు అది గుర్తుండదు. గంటకు ముప్పై సార్లు, అంతకు మించి ఇలా జరిగేవాళ్ళున్నారు. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నా, సరైన నిద్ర లేనట్టే. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. పట్టించుకోకపోతే బీపీ లొంగదు, గుండె లయ తప్పొచ్చు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆయన బీపీ మాత్రలు రెండు రకాలు వాడుతున్నాడని రాశారు, నా అనుమానం మరీ గట్టిపడింది.

ఇంట్లోనే ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. ఎప్‌వర్త్ స్కేల్ అని 1991 నుంచి వాడుకలో ఉంది. కూర్చుని చదువుతుంటే, టీవీ చూస్తుంటే, బస్సులో గంట ప్రయాణంలో, భోజనం తర్వాత ఊరికే కూర్చుంటే, ట్రాఫిక్‌లో బండి ఆగితే... ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశానికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 24. పది దాటితే డాక్టరుకు చూపించాలి. ఆయనకు ఆయన వేసుకుంటే తక్కువ వేసుకుంటాడు. మీరు వేయండి.

ఊపిరితిత్తుల డాక్టరు గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరు గానీ చూస్తారు. రాత్రి నిద్రలో ఊపిరి, ఆక్సిజన్, గుండె కొట్టుకోవడం నమోదు చేసే పరీక్ష చేస్తారు, కొన్నిచోట్ల మిషను ఇంటికే ఇచ్చి పంపుతారు. జబ్బు ముదిరి ఉంటే ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచే సీపాప్ అనే యంత్రం వాడమంటారు. మొదట్లో 'ఈ తొండం నేను పెట్టుకోను' అంటాడు. ఒక వారం పెట్టుకుని, పొద్దున తలనొప్పి లేకుండా లేచాక మాట మారుస్తారు చాలామంది. బరువు తగ్గాలి, వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి, రాత్రి మద్యం తాగే అలవాటుంటే మానాలి. నిద్రమాత్ర అసలు వేయకూడదు, గొంతు ఇంకా వదులవుతుంది.

ఇప్పుడు మీరు చేయగలిగింది ఒకటుంది. ఈ రాత్రే ఆయన గురకపెట్టేటప్పుడు ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీయండి, ఊపిరి ఆగి మళ్ళీ వచ్చేదాకా. 'నేనెక్కడ గురకపెడతాను' అనే మనిషికి అది చూపిస్తే ఆసుపత్రికి కదులుతాడు, డాక్టరుకూ సగం పని తగ్గుతుంది. పరీక్ష అయ్యి, చికిత్స మొదలయ్యేదాకా స్కూటర్ తాళం మీ దగ్గరే ఉండాలి. మీకు నడపడం వచ్చని రాశారు కదా, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకోండి.